కామ్రేడ్‌కు సమానమైన మాట సావాసగాడేనా?

కామ్రేడ్‌కు ‘సహచరుడు’ సరిపోతుందా అని అనంతపురం మిత్రులు అడిగారు. వ్యుత్పత్తిని బట్టి చూస్తే మన సీమలో నిత్యం వినబడే ‘సావాసగాడు’ దానికి ఇంకా దగ్గరిదని నా అభిప్రాయం.

గది అనే అర్థంగల లాటిన్ ‘కామెరా’ నుండి స్పానిష్‌లో ‘కామరాద’ పుట్టింది. ఒకే గదిలో ఉండేవారు, ముఖ్యంగా సైనికులు, దాని తొలి అర్థం. అది ఫ్రెంచి మీదుగా 16వ శతాబ్దంలో ఇంగ్లీషుకు చేరింది. ఫోటోలు తీసే కెమెరాకూ, కడప, కర్నూలు ఉర్దూ ఇళ్లలో గదిని పిలిచే ‘కమ్రా’కూ మూలం ఆ లాటిన్ మాటే, కమ్రాను మాత్రం పోర్చుగీసువారు తెచ్చారు. ఇక సహవాసమంటే కలిసి నివసించడమే కదా! ఆ సహవాసమే నోటిలో నలిగి సావాసమైంది.

అయినా సభలో ‘సావాసగాళ్లారా’ అని ఎవరూ పిలవరు. ‘ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారు’ అనే సామెతలో ఉన్నట్టు సావాసానికి పరిచయమూ, కాలమూ కావాలి; ముఖమెరుగని మనిషిని సైతం, ఆశయం ఒకటైతే చాలు, కామ్రేడ్ అనవచ్చు. ‘సహచరుడు’ అనడంలో చిక్కు వేరు: స్త్రీని ‘సహచరి’ అనగానే ఆమె ఎవరి భార్య అనే ప్రశ్న వస్తుంది. కామ్రేడ్‌కు ఆ లింగభేదం లేదు. కాని క్రియ దగ్గర తెలుగు ఊరుకోదు. ‘కామ్రేడ్ వచ్చినాడు’, ‘వచ్చింది’ అని తేల్చమంటుంది, అందుకే చాలామంది ‘వచ్చినారు’ అని గౌరవవాచకంతో దాటవేస్తారు.

కరపత్రాలలో, గోడరాతలలో ఈ మాట ‘కా.’ అయి పేరు ముందు నిలుస్తుంది. అంతమాత్రాన పేరు చివరి కులసూచకం పోయిందనుకోరాదు: 1952 ఎన్నికల్లో సొంత బావ నీలం సంజీవరెడ్డిని అనంతపురంలో ఓడించిన కమ్యూనిస్టు నాయకుడు కూడా కామ్రేడ్ తరిమెల నాగిరెడ్డిగానే మిగిలారు. పొడి అక్షరాలతో ‘టి.ఎన్.’ అన్నప్పుడే ఆ తోక కనబడదు.

బహువచనానికి వస్తే, వేదిక మీద ‘కామ్రేడ్స్’ అనే పిలుపు స్థిరపడింది కనుక ప్రసంగపాఠంలో దానిని మార్చనక్కరలేదు. వాక్యం మధ్యలో మాత్రం విభక్తులు చేరవలసి ఉంటుంది. ‘కామ్రేడ్స్‌లను’ అని రెండు బహువచనాలు తగిలించడం కంటె ‘కామ్రేడ్లను’ అని రాయడమే సబబు.