అమెరికా స్టూడెంట్ లోన్ చట్టం మన బ్యాంకు అప్పులకు వర్తిస్తుందా?

అనంతపురం అక్క (మారతహళ్ళి, బెంగళూరు):

నమస్తే అండీ. మా తమ్ముడు 2023లో ఎమ్మెస్‌కి అమెరికా వెళ్ళాడు. ఊళ్ళో నాన్న కట్టించిన ఇల్లు తాకట్టు పెట్టి, నేను కో-అప్లికెంట్‌గా సంతకం చేసి, ఒక ప్రభుత్వ రంగ బ్యాంకులో 30 లక్షలు తీసుకున్నాం. చదువు పూర్తయింది గానీ ఓపీటీలో (చదువు అయ్యాక అక్కడ కొంతకాలం పనిచేసుకోనిచ్చే అనుమతి) ఉద్యోగం దొరకలేదు. ఉద్యోగం లేకుండా 90 రోజులు దాటితే అక్కడ ఉండటానికి లేదు, వచ్చేశాడు. ఇప్పుడు వైట్‌ఫీల్డ్‌లో చేస్తున్నాడు, చేతికొచ్చేది 45 వేలు. వడ్డీతో కలిపి అప్పు 36 లక్షలైంది. 10 శాతం వడ్డీ, పదేళ్ళ గడువు, కిస్తీ 47,500 పైచిలుకు. వాడి జీతం మొత్తం కట్టినా చాలదు. వచ్చే నెల నుంచే మొదలు.

నాన్న రోజూ ఫోన్ చేసి ఒకటే అడుగుతున్నారు: "అమెరికాలో సదువు అప్పులు మాఫీ జేస్తాండారంట గదమ్మా, మనోనిది గూడా దాంట్లో వస్తాదా?" యూట్యూబ్‌లో ఏదో చూశారు. నాకేమో రాదనే అనిపిస్తోంది. తెలిసినవాళ్ళు వివరంగా చెబితే ఆయనకు చదివి వినిపిస్తాను.

హెచ్ఎస్ఆర్ లేఅవుట్ నుంచి:

రాదు అక్కా. ఆ చట్టం అక్కడి ఫెడరల్ లోన్ల, అంటే అమెరికా ప్రభుత్వం ఇచ్చే చదువు అప్పుల గురించి. అవి ప్రధానంగా పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకు ఇస్తారు, ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద వెళ్ళినవాళ్ళకు ఇవ్వరు. మీది ఇక్కడి బ్యాంకు అప్పు, దాంతో వాళ్ళకు సంబంధమే లేదు.

ఇంకో సంగతి, అక్కడ మాఫీ పెరగలేదు, కష్టమైంది. బైడెన్ తెచ్చిన పెద్ద మాఫీని సుప్రీంకోర్టు 2023 జూన్ 30న కొట్టేసింది. 2025 జూలై 4న ట్రంప్ సంతకం పెట్టిన చట్టంలో ర్యాప్ అని, జీతాన్ని బట్టి అప్పు తీర్చే కొత్త ప్లాన్ ఉంది. అందులో మిగిలిన అప్పు రద్దు కావాలంటే 30 ఏళ్ళు కట్టాలి. 2026 జూలై నుంచి కొత్తగా మాస్టర్స్‌లో చేరేవాళ్ళకు ఫెడరల్ అప్పు ఏడాదికి 20,500 డాలర్లు, మొత్తం మీద లక్ష. అంతకు మించి ఇవ్వరు.

అనంతపురం అక్క:

థాంక్స్ తమ్ముడూ. నేనూ ఆ ర్యాప్ గురించి చదివాను. మాఫీ మాట వదిలేద్దాం. నాకు కావాల్సింది అందులో ఉన్న ఇంకో ముక్క. ఏడాదికి 40 వేల డాలర్లు సంపాదించేవాడు అందులో 3 శాతం, అంటే నెలకు 100 డాలర్లు కడితే చాలు. 60 వేలు వస్తే 5 శాతం, నెలకు 250. ఎంత సంపాదించినా 10 శాతం దాటదు. ఆ నెల కట్టింది వడ్డీకి చాలకపోతే మిగతా వడ్డీ వదిలేస్తారు, అప్పు పెరగదు. అంటే ముందు జీతం అడిగి, ఆ తర్వాత కిస్తీ చెబుతారు.

మన దగ్గర బ్యాంకు మా తమ్ముడి జీతం ఎంతని ఒక్కసారి కూడా అడగలేదు. ఇల్లు విలువ అడిగింది, నాన్న పెన్షన్ అడిగింది, నా పేస్లిప్పులు అడిగింది. చదువుకున్నవాడు ఎంత సంపాదిస్తున్నాడో చూడకుండా చదువు అప్పు వసూలు చేయడం అన్యాయం. మాఫీ చేయమని నేను అడగను, తీసుకున్నది కడతాం. పార్లమెంటులో ఎవరైనా జీతాన్ని బట్టి కిస్తీ అని ఒక బిల్లు పెడితే ఊరూరా తిరిగి సంతకాలు తెస్తాను.

బ్యాంకు రిటైర్డ్ (జయనగర్):

అమ్మా, లోన్ల సెక్షన్‌లో చాలాకాలం పనిచేశాను. బిల్లు వచ్చేదాకా ఆగొద్దు. బ్యాంకుల సంఘం ఐబీఏ మోడల్ స్కీములో రెండు వెసులుబాట్లున్నాయి, కౌంటర్‌లో అడక్కపోతే చెప్పరు. ఒకటి, ఉద్యోగం లేకపోయినా, చదువుకు తగ్గ జీతం రాకపోయినా కొన్ని నెలలు కిస్తీ ఆపమని అడగొచ్చు. రెండోది, మొదట్లో తక్కువ, పోనుపోను ఎక్కువ కట్టే పద్ధతి. ఇవ్వాలా వద్దా అన్నది బ్యాంకు ఇష్టం, అందుకే రాతపూర్వకంగా అడగాలి. గడువు 15 ఏళ్ళకు పెంచితే కిస్తీ 38,700 దాకా దిగుతుంది, కానీ మొత్తం మీద పన్నెండు లక్షలకు పైగా ఎక్కువ కడతారు. వేరే దారి లేకపోతేనే ఆ పని చేయండి.

హెచ్ఎస్ఆర్ లేఅవుట్ నుంచి:

అక్కా, కిస్తీ మీ అకౌంట్ నుంచి పోనివ్వకండి. చదువు అప్పు వడ్డీకి ఆదాయపు పన్నులో మినహాయింపు (పాత చట్టంలో 80ఇ) ఎనిమిదేళ్ళు ఉంటుంది గానీ, కట్టేవాళ్ళ సొంత చదువుకి, భార్య లేదా భర్త చదువుకి, పిల్లల చదువుకి, చట్టప్రకారం తాము గార్డియన్‌గా ఉన్న విద్యార్థి చదువుకి మాత్రమే. తమ్ముడి చదువుకు అక్క కడితే రాదు. మీరు వాడికి పంపి, వాడి అకౌంట్ నుంచి కట్టించండి. అదీ పాత ట్యాక్స్ పద్ధతిలో ఉంటేనే.

అనంతపురం అక్క:

ఇది ఎవరూ చెప్పలేదు! సార్, అర్జీ ఎవరి పేరు మీద పెట్టాలి?

బ్యాంకు రిటైర్డ్ (జయనగర్):

మీ తమ్ముడి పేరు మీదే, కింద మీ సంతకం కూడా. ఇల్లు నాన్నగారిది కాబట్టి షరతులు మారిస్తే ఆయన సంతకం కూడా అడుగుతారు, ఆయన్నీ తీసుకెళ్ళండి. మూడు నెలల పేస్లిప్పులు, ఆఫర్ లెటర్ జత చేయండి. మొదటి కిస్తీ తేదీ రాకముందే ఇవ్వాలి. 90 రోజులు బకాయి పడితే ఎన్‌పీఏ (మొండి బాకీ) అంటారు, ఆ తర్వాత ఇంటి మీదకు నోటీసు వస్తుంది, మీ సిబిల్ స్కోరు కూడా దెబ్బతింటుంది. రెండో కాపీ మీద బ్రాంచి ముద్ర, తేదీ వేయించుకోనిదే బయటికి రావద్దు.