సైనైడ్ బంగారాన్ని ‘శుద్ధి’ చేస్తుందా?

అనువాదకురాలు
గ్రూపు పెద్దలకు నమస్కారం. బంగారు గనుల కాలుష్యం మీద ఒక వ్యాసాన్ని తెలుగులోకి తెస్తున్నాను. ఒక చోట బండి ఆగిపోయింది. “బంగారాన్ని శుద్ధి చేయడానికి సైనైడ్ వాడతారు” అన్న వాక్యం మన పత్రికల్లో మామూలే. నాకు మాత్రం ఎక్కడో తేడా కొడుతోంది. శుద్ధి అనగానే పుటం పెట్టడం, మేలిమి, అపరంజి, కుందనం ఇవే గుర్తొస్తాయి. సైనైడ్ చేసే పని అది కాదనిపిస్తోంది. ఆ మాట ఉంచాలా, తీసేయాలా? తీసేస్తే దేన్ని పెట్టాలి? ఇంకో చిక్కు ‘టైలింగ్స్’, అంటే బంగారం తీసేశాక మిగిలే తడి రాతి పిండి. ‘వ్యర్థాలు’ అని రాసి చూశాను, చప్పగా ఉంది.

పదకోశం
మీ అనుమానం సబబే. పుటం పెట్టేది అప్పటికే చేతిలో ఉన్న బంగారాన్ని. మూసలో వేసి కరిగించి, కలిసిన రాగీ వెండీ విడగొట్టి వన్నె పెంచుతారు. (మూస అంటే ముందుగా కంసాలి లోహం కరిగించే పాత్ర. ‘మూస కథ’, ‘మూస పద్ధతి’ అని తిట్టడానికి వాడుకోవడం తర్వాతి సంగతి.) సైనైడ్ దగ్గరికి వచ్చేసరికి చేతిలో బంగారమే లేదు, రాయి ఉంది. ఇక పుటం దేనికి?

ఇంకోటి. శుద్ధి అన్న మాటకు మన దగ్గర మంచి పేరుంది. చిత్తశుద్ధి, వాక్శుద్ధి, గృహశుద్ధి. మలినం పోయిందని చెప్తుంది, ఎక్కడికి పోయిందో చెప్పదు. మీ వ్యాసం రాస్తున్నదే ఆ పోయినదాని గురించి కదా.

కెమిస్ట్రీ మాస్టారు
పదకోశం గారితో ఏకీభవిస్తాను. అసలు జరిగేదేమిటో చెప్తే మాట దానంతటదే దొరుకుతుంది.

ఇవాళ తవ్వే చాలా గనుల్లో బంగారం కంటికి కనపడదు. టన్ను రాయిలో 1 గ్రాము ఉన్నా తవ్వుతారు, కొన్నిచోట్ల అంతకన్నా తక్కువున్నా తవ్వుతారు. అంటే అలాంటి చోట 8 గ్రాముల ఉంగరానికి సుమారు 8 టన్నుల రాయి. ఆ రాయిని పిండిగా నూరి, నీళ్ళు కలిపి, పలచటి సోడియం సైనైడ్ ద్రావణంలో తిప్పుతారు. ద్రావణం ఎంత పలచన అంటే లీటరుకు కొన్ని వందల మిల్లీగ్రాములు చాలు. కింద నుంచి గాలి ఊదుతారు, ఎందుకంటే ఆక్సిజన్ లేనిదే బంగారం కదలదు. ఒక్కో బంగారు పరమాణువును రెండు సైనైడ్ అయాన్లు పట్టుకుని నీళ్ళలోకి దించుతాయి. ఏ ఆమ్లానికీ ఓ పట్టాన లొంగని లోహం ఇక్కడ ఉప్పు కరిగినట్టు కరిగిపోతుంది. తర్వాత ఆ నీళ్ళలో కొబ్బరి చిప్పల నుంచి చేసిన ఉత్తేజిత కార్బన్ గుళికలు వేస్తే బంగారం వాటిని అంటుకుంటుంది. వాటి నుంచి మళ్ళీ దింపి, విద్యుత్తుతో రాబట్టి, అప్పుడు కొలిమిలో కరిగిస్తారు. వచ్చే కడ్డీలో బంగారంతో పాటు వెండీ ఉంటుంది. ఆ కడ్డీని తీసుకెళ్ళి 99.99 శాతం దాకా తేవడం ఉందే, దాన్ని శుద్ధి అనండి, నాకేం అభ్యంతరం లేదు. పుటం వచ్చేది ఆఖర్లో. సైనైడ్ దానికి ఎంతో ముందు.

ఈ పద్ధతికి 1887లో గ్లాస్గోలో మెకార్థర్ అనే రసాయనవేత్త, ఫారెస్ట్ సోదరులు పేటెంటు తీసుకున్నారు. అంతకు ముందు పాదరసంతో పట్టేవారు. సన్నటి బంగారం దానికి చిక్కేది కాదు, మడ్డిలో పోయేది.

ఇలా కరిగించి రాబట్టడాన్ని ఇంగ్లీషులో ‘లీచింగ్’ అంటారు. క్లాసులో నేను చెప్పే మాట ‘నిక్షాళనం’. తెలుగు మీడియం పుస్తకాల్లో ఉన్నది అదే.

పదకోశం
మాస్టారూ, నిక్షాళనంలో ఉన్నదీ క్షాళనమే! పాదప్రక్షాళన, పాపప్రక్షాళన. మళ్ళీ కడుక్కోవడం దగ్గరికే వచ్చాం. పరీక్షలో రాయడానికి బాగుంటుంది. పేపరు చదివేవాళ్ళకు పనికి రాదు.

కొత్త సభ్యుడు
ఇంత చర్చ దేనికండీ? సైనైడ్ అంటేనే విషం. “విషంతో తీసిన బంగారం” అని రాసేయండి, అందరికీ అర్థమవుతుంది.

గనుల ఇంజనీరు (రిటైర్డ్)
అలా రాస్తే చదివినవాళ్ళు నగలో విషముందేమో అని టెన్షన్ పడతారు బాబూ. నగలో ఏమీ ఉండదు. ఉన్నదంతా గని దగ్గరే.

పైగా సైనైడ్ అన్న ఒక్క మాట కింద చాలా సరుకుంది. నీళ్ళలో స్వేచ్ఛగా ఉన్న సైనైడ్ వేరు, రాగి, జింకు లాంటి వాటితో వదులుగా ముడిపడ్డది వేరు, ఇనుముతో గట్టిగా బిగుసుకున్నది వేరు. మొదటిది నిమిషాల్లో చంపగలదు. మూడోదాంట్లో ఒకటి ప్రష్యన్ బ్లూ, అంటే నీలి రంగు. అది థాలియం విషానికి మందుగా కూడా ఇస్తారు. ఈ తేడా చెప్పకుండా “నీటిలో సైనైడ్ ఉంది” అని రాసినా, “ప్రమాదకర స్థాయిలో లేదు” అని రాసినా చదివేవాడికి తెలిసేది సున్నా. సైనైడ్ వాడే గనులకు ఒక అంతర్జాతీయ నియమావళి ఉంది. పక్షులు దిగే మడ్డి నీళ్ళలో, బలహీన ఆమ్లానికి విడిపోయే సైనైడ్ (ఇందాకటి మొదటి రెండు రకాలు) లీటరుకు 50 మిల్లీగ్రాములు దాటకూడదంటుంది. చేపలకు అందులో వెయ్యో వంతు చాలు, కొన్ని రకాలు అంతకే ఉక్కిరిబిక్కిరి అవుతాయి. పక్షికి పెట్టిన గీత చేపను కాపాడదు. అందుకే ఆ నీళ్ళు ఏటి వైపు వెళ్ళకూడదు.

మాస్టారు ఒకటి వదిలేశారు. ప్లాంటులో మేము కళ్ళార్పకుండా చూసేది పీహెచ్ మీటరు, అంటే నీళ్ళలో ఆమ్లగుణం, క్షారగుణం కొలిచేది. సున్నం వేసి దాన్ని 10 పైనే ఉంచాలి. తగ్గిందా, సైనైడ్ వాయువై లేస్తుంది. హైడ్రోజన్ సైనైడ్ సుమారు 26 డిగ్రీలకే మరుగుతుంది, అంటే ఎండ రోజున గది వేడి చాలు. చేదు బాదం వాసన వస్తుందంటారు గానీ ఆ వాసన పుట్టుకతోనే పట్టలేనివాళ్ళు బోలెడుమంది ఉంటారు. ముక్కును నమ్మి పని చేయకూడదు.

అనువాదకురాలు
ఇంజనీరు గారూ, ఇది బంగారం లాంటి సమాచారం (మాట దొర్లిపోయింది, క్షమించాలి). మరి రుమేనియాలోని బయా మారే గని ప్రమాదం సంగతి? వ్యాసంలో సగం దాని గురించే. “సైనైడ్ లీకైంది” అని రాశాను.

గనుల ఇంజనీరు (రిటైర్డ్)
లీకు కాదమ్మా, కట్ట తెగింది. రుమేనియాలో, 2000 జనవరి 30 రాత్రి. పాత గని దిబ్బల్ని మళ్ళీ కడిగి మిగిలిన బంగారం తీసే ప్లాంటు అది. మంచు కరిగి, వాన కలిసి, మడ్డి నీళ్ళు నిల్వ చేసిన చెరువు నిండి కట్ట మీదికి వచ్చింది. దాదాపు లక్ష ఘనపు మీటర్ల నీళ్ళు బయటపడ్డాయి, అందులో 50 నుంచి 100 టన్నుల సైనైడ్, దానితో పాటు రాగి. చిన్న ఏళ్ళ గుండా సోమెష్ నదిలోకి, అక్కడి నుంచి హంగరీలో తీసా నదిలోకి, తర్వాత డాన్యూబ్‌లోకి. నెల రోజులకు నల్ల సముద్రం దగ్గర కూడా ఆనవాలు దొరికింది. ఒక్క హంగరీలోనే వెయ్యి టన్నులకు పైగా చేపలు చచ్చాయి. ఒడ్డున ఉన్న ఊళ్ళు మంచినీళ్ళకు నదిని ముట్టుకోలేదు.

లీకు అంటే కొళాయి బిగించుకోలేదన్నంత చిన్నదిగా వినిపిస్తుంది.

ఆ నదిలో నురగలు లేవు, రంగు మారలేదు. విషపు నీళ్ళు ఒక ముద్దలా కిందికి సాగిపోయాయి. ముద్ద దాటిపోయిన చోట సూక్ష్మజీవులు, నాచు త్వరగానే కోలుకున్నాయి. ఎండ, గాలి తగిలితే సైనైడ్ విరిగిపోతుంది, ఆ మాట నిజం. పాదరసం అలా కాదు. అది పోదు, చేపలో పేరుకుని చేపను తిన్నవాళ్ళలోకి వస్తుంది. అందుకే గనుల వాళ్ళు “పాదరసం కన్నా సైనైడ్ నయం” అంటారు. ఆ మాటలో సగం నిజముంది. మిగతా సగం ఏమిటంటే, సైనైడ్ పోయాక ఆర్సెనిక్, సీసం, కాడ్మియం లాంటివి బురదలోనే ఉంటాయి. రాయిలో సల్ఫైడ్లు (గంధకం ఉన్న ఖనిజాలు) ఉంటే గాలి, నీరు తగిలి ఏళ్ళ తరబడి ఆమ్లం ఊరుతూనే ఉంటుంది. చిన్న గనుల్లో ఇంకా ఘోరం. ముందు పాదరసంతో పట్టి, ఆ మిగులునే తీసుకెళ్ళి సైనైడ్‌లో వేస్తారు. పాదరసం కూడా అందులో కరిగి నీళ్ళతో పాటు బయలుదేరుతుంది.

కొత్త సభ్యుడు
మరి నిషేధించొచ్చు కదండీ?

గనుల ఇంజనీరు (రిటైర్డ్)
హంగరీ 2009లో నిషేధించింది, చెక్ దేశం అంతకు ముందే. సైనైడ్ బదులు థయోసల్ఫేటు అనే రసాయనంతో పెద్ద ఎత్తున తీసిన ప్లాంటు అమెరికాలో నెవాడాలో కొన్నేళ్ళు నడిచింది. ఖర్చు, రాయి గుణం రెండూ కుదరాలి. ఇది భాషా గ్రూపు కాబట్టి ఇక్కడ ఆపుతాను.

పదకోశం
అయితే ‘టైలింగ్స్’కి రండి. నా ఓటు ‘పిప్పి’కి. చెరుకు రసం తీశాక మిగిలేది పిప్పి. పీల్చి పిప్పి చేయడం అన్న నుడి ఎలాగూ ఉంది. ఖనిజపు పిప్పి, గని పిప్పి. వ్యర్థం అంటే దేనికీ పనికిరానిది అని మాత్రమే. పిప్పి అంటే ఎవరో సారం తీసుకుపోయారని కూడా తెలుస్తుంది.

కెమిస్ట్రీ మాస్టారు
అందంగానే ఉంది గానీ ఒప్పుకోను. పిప్పి తేలిగ్గా ఉంటుంది, పొడిగా ఉంటుంది, పొయ్యిలో పెట్టొచ్చు. ఇక్కడ మిగిలేది లోపలికి పోయిన రాయి మొత్తం. టన్నులో గ్రాము తీస్తే తగ్గిందేముంది? పైగా నీళ్ళు, మందులు కలిసి పెరిగింది. ‘మడ్డి’ అనండి. అడుగుకు దిగేది, చిక్కగా ఉండేది, ముట్టుకుంటే అంటుకునేది. నూనె మడ్డి అందరికీ తెలిసిందే.

గనుల ఇంజనీరు (రిటైర్డ్)
మడ్డి బాగుంది. తడిగా ఉన్నన్నాళ్ళూ మడ్డి, ఎండితే దిబ్బ. కోలార్ బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. వందేళ్ళకు పైగా తవ్విన రాయి పిండి మూడు కోట్ల టన్నులకు పైగా అక్కడ గుట్టలుగా ఉంది. వాటికి ‘సైనైడ్ డంపులు’ అనే పేరు స్థిరపడిపోయింది, ఎవరూ పదకోశం చూసి పెట్టలేదు. ఇవాళ ఆ దిబ్బల్లో జనాన్ని సతాయించేది గాలికి లేచే సన్నటి రాతి దుమ్ము. పేరులో సైనైడ్ ఉండటం వల్ల అందరూ దాన్ని గురించే అడుగుతారు, దుమ్ము గురించి అడిగేవాళ్ళు తక్కువ.

అనువాదకురాలు
సరే, ఇలా రాశాను, చూడండి: “రాయిని పిండిగా నూరి, అందులోని బంగారాన్ని సైనైడ్ నీళ్ళలో కరిగించి రాబడతారు. మిగిలిన మడ్డిని చెరువులో నింపుతారు.” శుద్ధి అన్న మాటను కడ్డీ దగ్గర మాత్రం ఉంచాను.

పదకోశం
మొదటి వాక్యానికి వంక లేదు. రెండోదాంట్లో ‘చెరువు’ నాకు గుచ్చుకుంటోంది. చెరువంటే ఆయకట్టు, చేపలు, తూము. దీనికి ఆ పేరు పెడితే పాపం చెరువుకి అవమానం. ‘మడ్డి మడుగు’ అంటే?

కెమిస్ట్రీ మాస్టారు
మడుగు అంటే దానంతటది నిలిచిన నీళ్ళు. దీన్ని మనిషి కట్టాడు. కట్టినవాడు వాక్యంలో కనపడాలి. “మడ్డిని కట్ట వేసి నిల్వ చేస్తారు” అనండి, చెరువూ వద్దు, మడుగూ వద్దు.

గనుల ఇంజనీరు (రిటైర్డ్)
మాస్టారిదే నా మాట. ‘ఆనకట్ట’ అని మాత్రం రాయకండి. చదివేవాళ్ళు రాయీ సిమెంటూ ఊహించుకుంటారు. చాలా గనుల్లో ఆ కట్టను మడ్డిలోని ముతక భాగంతోనే లేపుతారు, లోపల నిండేకొద్దీ పైన ఇంకో వరస వేసుకుంటూ పోతారు. బయా మారేలో తెగింది అలాంటిదే. వీలుంటే “మడ్డితోనే వేసిన కట్ట” అని ఒక్కసారైనా రాయండి.

అనువాదకురాలు
రాస్తాను. ‘లీకైంది’ కూడా మార్చి ‘కట్ట తెగింది’ అని పెట్టాను. ఇక మిగిలింది ‘డిటాక్స్’. వదిలే ముందు నీళ్ళలో సల్ఫర్ డయాక్సైడూ గాలీ పంపి సైనైడ్‌ను సైనేట్‌గా మారుస్తారట, దానికి ‘నిర్విషీకరణ’ అని ఉంది నా దగ్గర.

కెమిస్ట్రీ మాస్టారు
సైనేట్ విషం చాలా తక్కువ, సున్నా కాదు. ‘నిర్’ అంటే అసలు లేదని కదా. “విషం తగ్గించడం” అని రాయండి, సరిపోతుంది.