పాత పాన్ యూరోపియన్ మోటార్ సైకిల్ కొన్నాను, రోడ్డెక్కించడం ఎట్లా?

దేవరకొండ నుంచి, ఇప్పుడు లెస్టర్‌లో:

అన్నలకు, అక్కలకు నమస్తే. నేను ఇంగ్లండ్‌కు వచ్చి కొన్ని నెలలే అయింది. ఊళ్లో ఉన్నప్పుడు డిండి మీదుగా మన్ననూరు ఘాట్ ఎక్కి శ్రీశైలం దాకా బుల్లెట్ మీద పోయేవాణ్ణి. ఇక్కడ బండి లేక ఏమీ తోచడం లేదు. ఒక పెద్దాయన దగ్గర 1994 హోండా ఎస్‌టీ1100 పాన్ యూరోపియన్ తక్కువ ధరకు దొరికితే తీసుకున్నాను. ఏళ్ల తరబడి షెడ్డులోనే నిలబెట్టారట. ఎంఓటీ (ఏటా బండికి చేసే రోడ్డు పరీక్ష) లేదు, సార్న్ (బండి రోడ్డు మీద నడపడం లేదని ప్రభుత్వానికి చెప్పడం) చేసి ఉంది. వ్యానులో తెచ్చి ఇంటి వెనక పెట్టాను. కొత్త బ్యాటరీ వేసి స్టార్ట్ చేస్తే చాలు, నేరుగా ఎంఓటీకి తీసుకుపోవచ్చు అంటున్నాడు మా రూమ్మేట్. నిజమేనా? లైసెన్స్ నాకు ఇండియాదే ఉంది. కొంచెం టెన్షన్‌గా ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

మిర్యాలగూడ నుంచి, ఇప్పుడు కోవెంట్రీలో:

తమ్ముడూ, మంచి బండి కొన్నావు. అయితే ఇప్పుడే స్టార్టర్ నొక్కకు, బ్యాటరీ కూడా కొనకు. చాలాకాలం నిలబడ్డ బండి దొరికితే అందరూ ఇంజన్‌తోనే మొదలుపెడతారు. అది మోగగానే సగం పని అయిపోయిందనుకుంటారు. ఇంజన్ స్టార్ట్ కాకపోతే నువ్వు ఇంట్లోనే ఉంటావు, పోయేదేమీ లేదు. బ్రేకు పడకపోతే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. అందుకే వరస ఇట్లా పెట్టుకో: ముందు బండిని ఆపేవి, తర్వాత దాన్ని రోడ్డు మీద నిలకడగా ఉంచేవి, చివరికి నడిపించేది. దాదాపు 300 కిలోల బండి అది. స్ప్లెండర్‌ను ఆపినట్టు కాలు ఆనించి ఆపలేవు.

మొదట బ్రేకు ఫ్లూయిడ్ మూత తీసి చూడు. కొత్తది లేత పసుపుగా ఉంటుంది. ముదురు గోధుమ రంగుకు తిరిగి ఉంటే చాలాకాలంగా ఎవరూ ముట్టుకోలేదని అర్థం. ఇందులో వాడే డాట్ 4 రకం ఫ్లూయిడ్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. బండి తిరిగినా తిరగకపోయినా రెండేళ్లకోసారి మార్చాల్సిందే. తేమ చేరిన ఫ్లూయిడ్ గట్టిగా బ్రేకులు వాడినప్పుడు వేడికి మరిగి ఆవిరవుతుంది, లివర్ నొక్కినా మెత్తగా లోపలికి పోతుంది తప్ప బండి ఆగదు. అదే తేమ లోపల తుప్పు కూడా పట్టిస్తుంది. కాబట్టి ఫ్లూయిడ్ ఒక్కటి మారిస్తే సరిపోదు. కాలిపర్లు (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగాలు) విప్పాలి, పిస్టన్లు బయటికి తీసి చూడాలి. సీలు కూర్చునే గాడిలో తెల్లటి పొడి పేరుకుని సీలును ముందుకు తోసి పిస్టన్‌ను బిగబట్టేస్తుంది. ఆ గాడి శుభ్రంగా గీకి కొత్త సీళ్లు వేయాలి.

ఇంకొకటి, చాలామంది చూడనిది. మాస్టర్ సిలిండర్ (లివర్ నొక్కితే ఫ్లూయిడ్‌ను తోసేది) గిన్నె అడుగున రెండు రంధ్రాలుంటాయి. ఒకటి సూది మొనంత చిన్నది. పాత ఫ్లూయిడ్ గడ్డకట్టి అది మూసుకుపోతే, లివర్ వదిలినా ఫ్లూయిడ్ వెనక్కి రాలేదు. ఇంటి ముందు నాలుగు గజాలు నడిపితే ఏ తేడా తెలియదు. కొన్ని మైళ్లు పోయి డిస్కు వేడెక్కాక, నువ్వు బ్రేకు వేయకుండానే చక్రం పట్టేస్తుంది. నిలబడ్డ బండ్లలో నేను అన్నిటికన్నా ఎక్కువ భయపడేది దీనికే. సన్నటి రాగి తీగతో ఆ రంధ్రం తెరిచి, కొత్త ఫ్లూయిడ్ పోసి లివర్ మెల్లగా నొక్కి చూడు, గిన్నెలో చిన్నగా ఫ్లూయిడ్ చిమ్మాలి. రబ్బరు హోసులు బండితో వచ్చినవే అయితే ఆలోచించకుండా మార్చెయ్. స్టీలు అల్లిక ఉన్నవి దొరుకుతాయి, ఖరీదు కూడా మరీ ఎక్కువేం కాదు. నీది 1994 మోడల్ కాబట్టి ముందు బ్రేకు, వెనక బ్రేకు విడివిడిగా ఉంటాయి, గాలి తీయడం సులువే. 1996లో వచ్చిన లింక్డ్ బ్రేకుల మోడల్ అయి ఉంటే మెకానిక్‌కే ఇవ్వమనేవాణ్ణి. క్లచ్ కూడా హైడ్రాలికే, దానికీ ఇదే ఫ్లూయిడ్. పెయింట్ మీద ఒక్క చుక్క పడినా వెంటనే నీళ్లతో కడుగు, లేకపోతే రంగు ఊడిపోతుంది.

టైర్ల పక్కన డాట్ అని రాసి చివర నాలుగు అంకెలుంటాయి. 2314 అని ఉంటే 2014లో 23వ వారం తయారైందని. ఇక్కడి చట్టం ప్రకారం మోటార్ సైకిల్ టైరుకు 1 మిల్లీమీటర్ గాడి ఉంటే చాలు, కానీ చట్టం గాడిని చూస్తుంది, రబ్బరు వయసును చూడదు. మన నల్లగొండ ఎండలో నిలబెట్టిన బండి టైరు పగుళ్లతో తన వయసు తానే చెబుతుంది. ఇక్కడ చీకటి షెడ్డులో ఉన్న టైరు నల్లగా, కొత్తదానిలా కనిపిస్తూనే లోపల గట్టిపడి ఉంటుంది. తడి రోడ్డు మీద అది పట్టు ఇవ్వదు, ఇక్కడేమో ఎప్పుడూ తడే. గాడి ఎంత ఉన్నా రెండు టైర్లూ మార్చు.

వెనక చక్రం ఎట్లాగూ తీస్తావు కాబట్టి అప్పుడే ఇంకో రెండు పనులు అయిపోతాయి. ఈ బండికి చైను లేదు, షాఫ్ట్ డ్రైవ్, అంటే తిరిగే కడ్డీతో చక్రం నడుస్తుంది. చక్రానికీ డ్రైవ్‌కూ మధ్య పళ్లు ఉంటాయి, అవి అరిగి మొనదేలి ఉన్నాయేమో చూసి మాలిబ్డినం పేస్ట్ రాయాలి. మామూలు గ్రీజు అక్కడ నిలవదు. డ్రైవ్ ఆయిల్ కూడా మార్చు. రెండోది స్వింగ్ ఆర్మ్, అంటే వెనక చక్రాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే చేయి. చలికాలంలో మంచు కరగడానికి ఇక్కడ రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అది బండి కింది ఇనుమంతా తినేస్తుంది. పాన్ యూరోపియన్లలో స్వింగ్ ఆర్మ్ తుప్పు బాగా తెలిసిన జబ్బే. పైన పెయింట్ చూసి నమ్మకు. స్క్రూడ్రైవర్ పిడితో అంతటా కొట్టుకుంటూ పో, ఎక్కడైనా శబ్దం బోలుగా మారినా, మొన దిగినా ఆ బండి మీద ఎక్కకు. మంచి సెకండ్ హ్యాండ్‌ది వెతకాలి. వెల్డింగ్ చేయిస్తానని మాత్రం అనకు.

సెంటర్ స్టాండు వేసి, ఇంకొకరు వెనక బరువు పెడితే ముందు చక్రం పైకి లేస్తుంది. హ్యాండిల్ ఆ చివర నుంచి ఈ చివరకు మెల్లగా తిప్పు. సరిగ్గా మధ్యలో చిన్న గంటు తగిలినట్టు ఆగితే స్టీరింగ్ బేరింగులు పోయినట్టే. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే కదలిక ఉండకూడదు. ఫోర్కుల మీద ఆయిల్ తడి ఉంటే సీళ్లు మార్చాలి, లేకపోతే ఆ ఆయిల్ కారి బ్రేకు ప్యాడ్ల మీదికే పోతుంది. సెంటర్ స్టాండు వేసేటప్పుడు చేతులతో బండిని ఎత్తకు. స్టాండు కాలి మీద నీ బరువంతా పెట్టి తొక్కు, బండి తానే లేస్తుంది.

ఇవన్నీ అయ్యాకే ఇంజన్. మొదట ఆయిల్, ఫిల్టర్ మార్చు. ఇంజన్ ముందు వైపు కవరు తీస్తే టైమింగ్ బెల్టు (వాల్వులను సమయానికి తెరిపించే రబ్బరు బెల్టు) కనిపిస్తుంది. ఎప్పుడు మార్చారో కాగితం లేకపోతే కొత్తది వెయ్యి, ఎందుకంటే ఎన్ని మైళ్లు తిరిగిందన్నది ఒక్కటే కాదు, రబ్బరుకు వయసు కూడా ఉంటుంది. ప్లగ్గులు తీసి, సిలిండర్లలో కొద్దిగా ఆయిల్ చుక్కలు వేసి, స్పానర్‌తో చేత్తో ఇంజన్ తిప్పు. ఎక్కడా పట్టకుండా తిరిగితేనే స్టార్టర్ దగ్గరికి పో. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిచి చూడడం మరవకు, ఎలుకలు గూడు పెట్టి ఉంటాయి.

కూలెంట్ పూర్తిగా తీసి కొత్తది పొయ్యి. కలపాల్సి వస్తే డిస్టిల్డ్ వాటరే వాడు. నల్లగొండ బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర ఎట్లా కడుతుందో నీకు చెప్పక్కర్లేదు, రేడియేటర్ సన్నటి గొట్టాల్లో జరిగేదీ అదే.

పాత పెట్రోల్ మొత్తం బయట గాలిలో, నిప్పుకు దూరంగా తీసెయ్యి. కొత్తగా పోసేటప్పుడు ఈ5 సూపర్ (ఎథనాల్ 5 శాతం దాకానే ఉండేది) కొట్టించు. 2021 సెప్టెంబర్ నుంచి ఇక్కడ మామూలు పెట్రోల్ ఈ10, అందులో 10 శాతం దాకా ఉంటుంది. ఎక్కువగా నిలబడే కార్బొరేటర్ బండికి ఎథనాల్ ఎంత తక్కువుంటే అంత మంచిది. నాలుగు కార్బొరేటర్లు వి4 ఇంజన్ మధ్య గుంటలో కూర్చుని ఉంటాయి, తీయడం ఓపికతో చేయాల్సిన పని. బండి చోక్ మీదే నడిచి, చోక్ తీయగానే ఆగిపోతే పైలట్ జెట్లు (ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు పెట్రోల్ ఇచ్చే సన్నటి రంధ్రాలు) మూసుకుపోయాయని. సీసాల్లో అమ్మే మందులతో కొంత నయమవచ్చు కానీ నా మాట వింటే విప్పి కడగడమే మేలు. బ్యాటరీ ఇప్పుడు కొను. మీటర్ పెడితే ఆగి ఉన్నప్పుడు 12.6 వోల్టుల దగ్గర, ఇంజన్ రేజ్ చేసినప్పుడు 14 దగ్గర ఉండాలి. 1996కు ముందు మోడళ్లలో ఆల్టర్నేటర్ 28 ఆంపియర్లదే, కాబట్టి హీటెడ్ జాకెట్టు, అదనపు లైట్లు అన్నీ ఒకేసారి తగిలించకు.

ఎంఓటీ గురించి మీ రూమ్మేట్ చెప్పింది సగమే నిజం. సార్న్‌లో ఉన్న బండిని ముందే బుక్ చేసుకున్న ఎంఓటీకి నడిపి తీసుకుపోవచ్చు, కానీ ఇన్సూరెన్స్ ఉండాలి, దారిలో బండి ప్రమాదకరంగా ఉంటే కేసు నీ మీదే. మోటార్ సైకిల్‌కు గరిష్ఠ ఫీజు 29.65 పౌండ్లు. వాళ్లు కాలిపర్ విప్పరు, మాస్టర్ సిలిండర్ రంధ్రం చూడరు, బెల్టు చూడరు. ఆ రోజు ఆ నిమిషానికి బండి ఎట్లా ఉందో అదే రాసిస్తారు. అది నీకు చివరి పరీక్ష కావాలి, మొదటిది కాదు. ఈ లోపు ప్రభుత్వ సైట్‌లో బండి నంబరు కొట్టి పాత ఎంఓటీ చరిత్ర చదువు, ఉచితమే. 2005 నుంచి ఉంటుంది. ఏ సంవత్సరం ఏది అరిగిందని రాశారో, మైళ్లు ఎట్లా పెరిగాయో అన్నీ కనిపిస్తాయి. అమ్మినాయన మాటకన్నా అది నమ్మకమైనది.

మహబూబ్‌నగర్ నుంచి, ఇప్పుడు బర్మింగ్‌హామ్‌లో:

తమ్మీ, బండి సంగతి అన్న చెప్పాడు, నేను కాగితాల సంగతి చెప్తా. ఇండియా లైసెన్స్ మీద మోటార్ సైకిల్ రాసి ఉంటే, ఇక్కడ నివాసం మొదలైనప్పటి నుంచి 12 నెలలు నడపొచ్చు. ఆ తర్వాత చెల్లదు. మన లైసెన్సును ఇక్కడిదానితో నేరుగా మార్చి ఇవ్వరు, మొదటి నుంచి పరీక్షలు రాయాల్సిందే. ప్రొవిజనల్ (నేర్చుకునేవాళ్ల లైసెన్స్) తీసుకుని సీబీటీ (తప్పనిసరి ప్రాథమిక శిక్షణ) చేస్తే 125 సీసీ దాకానే. నీ బండికి పూర్తి ఏ లైసెన్స్ కావాలి. 24 ఏళ్లు నిండితే నేరుగా దానికి వెళ్లొచ్చు: థియరీ, తర్వాత మాడ్యూల్ 1, మాడ్యూల్ 2 అనే బండి నడిపే పరీక్షలు. మాడ్యూల్ 1లో నెమ్మదిగా బండి తిప్పడం ఉంటుంది. మన దగ్గర పదేళ్లు నడిపినవాళ్లు కూడా శిక్షణ లేకుండా పోయి అక్కడే ఫెయిల్ అవుతారు. 12 నెలలు అయ్యేదాకా ఆగకుండా ఇప్పుడే మొదలుపెట్టు.

ఇన్సూరెన్స్ వాళ్లకు ఇండియా లైసెన్స్ అని దాచకుండా చెప్పు. చెప్పకపోతే క్లెయిమ్ వచ్చినప్పుడు పాలసీ చెల్లదంటారు. రోడ్ టాక్స్ కూడా పాత ఓనర్ నుంచి నీకు రాదు, నీ పేరు మీద మళ్లీ కట్టాలి. సార్న్ కూడా అంతే, పాతాయన చేసింది నీకు పనిచేయదు. ఇవాళే నీ పేరు మీద చేసుకో. వీ5సీ (బండి రిజిస్ట్రేషన్ కాగితం) నీ పేరు మీదికి మారిందో లేదో చూసుకో. ఆ కాగితం వచ్చాక భద్రంగా పెట్టు.

జడ్చర్ల నుంచి, ఇప్పుడు హారోలో:

ఇంకొక మాట. లండన్‌లో మా దగ్గరికి ఈ బండి మీద వస్తే యూలెజ్ (పొగ ఎక్కువ వదిలే బండ్లకు వేసే రుసుము) కట్టాలి, రోజుకు 12.50 పౌండ్లు. 2023 ఆగస్టు 29 నుంచి లండన్ బరోలన్నిటికీ ఉంది. అంత పాత బండి వాళ్లు అడిగే యూరో 3 పొగ ప్రమాణం కిందికి మామూలుగా రాదు. లండన్ రవాణా వాళ్ల సైట్‌లో నీ నంబరు కొట్టి చూసుకో. వచ్చిన రోజు మరిచిపోతే తర్వాత మూడో రోజు అర్ధరాత్రి దాకా కట్టొచ్చు, అది దాటితే జరిమానా. నేనైతే బండిని బయటి స్టేషన్ దగ్గర పెట్టి ట్రైన్‌లో రమ్మంటాను.

దేవరకొండ నుంచి, ఇప్పుడు లెస్టర్‌లో:

అందరికీ చాలా థాంక్స్. స్టార్టర్ ముట్టుకోలేదు. రెండు డౌట్లు. పెట్రోల్ తీద్దామని చూస్తే ట్యాంకులో ఏమీ లేదు, అసలు అది ట్యాంకులాగే లేదు. ఇంకొకటి, బాగయ్యాక ఎప్పుడైనా ఈ బండిని ఇంటికి తీసుకుపోయి సాగర్ రోడ్డు మీద నడపాలని ఉంది. కుదురుతుందా?

మిర్యాలగూడ నుంచి, ఇప్పుడు కోవెంట్రీలో:

నీకు కనిపించేది డమ్మీ, తమ్ముడూ. అసలు ట్యాంకు సీటు కింద ఫ్రేము మధ్యలో ఉంటుంది, 28 లీటర్లు పడుతుంది. బరువు కిందికి ఉండాలని అట్లా పెట్టారు. తీయాల్సిన పెట్రోల్ చాలానే ఉండొచ్చు, పెద్ద డబ్బాలు సిద్ధం చేసుకో. ఇంటికి తీసుకుపోవడం మాత్రం కుదరదు. మూడేళ్లు దాటిన సెకండ్ హ్యాండ్ బండిని ఇండియాలోకి దిగుమతి చేసుకోనివ్వరు. సాగర్ రోడ్డుకు మన దగ్గరి బుల్లెట్ ఉంది కదా, దీన్ని వేల్స్ కొండల్లో తిప్పు.

ఈ శనివారం నేను ఖాళీనే. టార్క్ రెంచ్, మీటర్, బ్రేకు గాలి తీసే గొట్టం తెస్తా. నువ్వు డాట్ 4 సీల్ తీయని కొత్త డబ్బా, కాలిపర్ సీళ్ల కిట్, పాత గుడ్డలు తెచ్చి పెట్టు. కాలిపర్ల దగ్గర నుంచే మొదలుపెడదాం.