బొంతలు కుట్టేవాళ్లు రోజు ఎలా సర్దుకుంటున్నారు? నడుం, వంట, ఇల్లు అన్నీ చెప్పండి

అంబాజీపేట అక్క:
అందరికీ నమస్కారమండి. పెళ్లికి ముందు నుంచీ పాత చీరలతో బొంతలు కుడుతున్నాను. మా అమ్మాయి పురిటికి మా ఇంటికే వస్తోంది, దసరా వెళ్లాక నెలలు నిండుతాయి. పుట్టబోయే బిడ్డకి చిన్నవి, అమ్మాయికి ఒక పెద్దది కుట్టాలని మా అమ్మ చీరలు పెట్టెలోంచి తీశాను. అన్నీ బండార్లంక నేత చీరలు, ఉతికి ఉతికి వెన్నలా అయిపోయాయి. ఆవిడ కట్టుకున్న చీరలో నా మనవడో మనవరాలో పడుకోవాలని నా ఆశ.

ఇబ్బంది ఏమిటంటే, కింద కూర్చుని కుడితే లేచేటప్పుడు నడుం పట్టేస్తోంది. రాత్రిళ్లు కుడిచెయ్యి తిమ్మిరెక్కుతోంది. మధ్యలో వంట, అత్తగారి మందులు, మా ఆయన క్యారేజీ. షుగర్ కూడా అంచుల్లో ఉందన్నారు. పనేమో నేను మానను. మీరు చేతికుట్టు కుడతారా, మిషన్ మీదా? కుట్టేది ఏ వేళ, వండేది ఏ వేళ? నడకకి టైం ఎలా దొరుకుతోంది? మీ ఇంట్లో నిజంగా ఎలా జరుగుతోందో అదే రాయండి.

రాజోలు పెద్దమ్మ:
తల్లీ, బొంత కింద పరవక తప్పదు. కింద కూర్చుని కుట్టాలని మాత్రం ఎక్కడా లేదు. ఈ రెండు పనుల్నీ విడదీసుకో, సగం నొప్పి పోతుంది.

నేను చేసేది చెబుతాను. చీరలు ఉతికి, గంజి పూర్తిగా పోయేలా జాడించి, ఎండలో ఆరేస్తాను. ఫాల్ విప్పేస్తాను. చావిట్లో చాప మీద అడుగు చీర పరిచి, నాలుగు మూలలా పీటలో ఇటుకలో పెట్టి బిగువుగా లాగుతాను. దానిమీద లోపలి పొరలు. చిరిగిన చీరలు లోపలికి పోతాయి, చిరుగు మీద చిరుగు రాకుండా చూసుకుంటే చాలు. పైన మంచి చీర. మన ఎండలకి నాలుగు పొరలు చాలు, పుష్యమాసం చలికైతే ఆరు. అన్నీ సర్దాక పొరలు కదలకుండా నడిమధ్య నుంచి బయటికి పెద్ద పెద్ద టాకాలు వేస్తాను, ముందు నిలువు, తర్వాత అడ్డం. అంచు నుంచి మొదలుపెడితే గుడ్డంతా మధ్యలోకి వచ్చి ఉబ్బుతుంది, ఆ ముడత ఇక పోదు.

ఈ టాకాలు వేసేటప్పుడు మాత్రమే కిందకి వంగాలి. ఇద్దరు కూర్చుంటే ఒక పూట పని. మా ఇంట్లో కోడలు ఆ చివర, నేను ఈ చివర. తర్వాత బొంతని చుట్ట చుట్టి, కుట్టేంత మేర ఒళ్లోకి తీసుకుని, వీపు ఆనే కుర్చీలో కూర్చుంటాను. మిగతా బరువు పక్కన బల్ల మీద ఉండాలి. ఒళ్లో నుంచి జారి వేలాడితే ఆ లాగుడంతా మెడకే.

భీమవరం కోడలు:
పెద్దమ్మగారూ, టాకాల బదులు పిన్నీసులు పెట్టొచ్చాండి? మా ఇంట్లో ఆ చివర కూర్చునే మనిషి లేరు.

రాజోలు పెద్దమ్మ:
పెట్టొచ్చమ్మా, తుప్పు పట్టనివి అయితే. జానెడుకొకటి పెట్టు. బిడ్డ బొంతకి మాత్రం టాకాలే వెయ్యి. ఒక్క పిన్నీసు లోపల ఉండిపోయినా ప్రమాదం.

రాజమండ్రి ఫిజియో:
నేను ఫిజియోథెరపీ చేస్తాను. మా దగ్గరికి లేసు అల్లేవాళ్లు, టైలర్లు, కుట్టుపని చేసేవాళ్లు చాలామంది వస్తారు. అంబాజీపేట అక్కా, మీరు రాసిన తిమ్మిరి గురించి ముందు చెబుతాను. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరం వేలులో సగం, ఇవి రాత్రిపూట తిమ్మిరెక్కి, చెయ్యి విదిలిస్తే తగ్గుతుంటే మణికట్టు దగ్గర నరం మీద ఒత్తిడి పడుతోందేమో చూపించుకోవాలి. షుగర్ ఉన్నవాళ్లలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. చిటికెన వేలు వైపే తిమ్మిరైతే కారణం వేరే ఉంటుంది. మీకు ఏ వేళ్లకి వస్తోందో గమనించి డాక్టర్‌కి అదే చెప్పండి, వాళ్లకి చాలా ఉపయోగపడుతుంది. బొటనవేలి బలం తగ్గి గ్లాసు జారిపోతుంటే ఆలస్యం చేయొద్దు.

కుట్టేటప్పుడు మణికట్టు వంగకుండా ముంజేతితో ఒకే వరుసలో ఉండాలి. సన్నసూది గట్టిగా పట్టుకోవాలి కాబట్టి వేళ్లు త్వరగా అలిసిపోతాయి. కాస్త పొడవైనది, లావుది వాడండి. దారాన్ని ఒకసారి తేనెమైనం మీద లాగితే చిక్కుపడదు, పొరల్లోంచి సులువుగా దిగుతుంది. నడుముకి ఒకటే మాట: అరగంటకి మించి ఒకే భంగిమలో ఉండొద్దు. ఫోన్‌లో అలారం పెట్టుకుని లేవండి, చేతులు నడుం మీద ఆనించి మెల్లగా వెనక్కి వంగండి, గుమ్మం దాకా నడిచి రండి. కళ్లకైతే ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల దూరంలో ఉన్నదాన్ని ఇరవై సెకన్లు చూడమంటారు. మన ఊళ్లలో కొబ్బరిచెట్లు ఉండనే ఉన్నాయి.

తణుకు టైలరింగ్:
నాది వేరే అభిప్రాయం. నేను మిషన్ మీద కుట్టి అమ్ముతాను. మిషన్ కుట్టు బొంత కాదన్నట్టు మాట్లాడేవాళ్లంటే నాకు కష్టంగా ఉంటుంది. ఇంటి ఖర్చుకి ఆ డబ్బు కావాల్సినవాళ్లు చేతికుట్టుతో నెలకి ఎన్ని పూర్తిచేయగలరు?

మామూలు కాలిమిషనే. మోటారు పెట్టించుకుంటే మోకాళ్లకి సుఖం. సూది 16వ నంబరు, పొరలు ఎక్కువైతే 18. కుట్టు పొడుగ్గా, గుడ్డని నొక్కిపట్టే మిషన్ పాదం ఒత్తిడి కొంచెం తగ్గించి పెట్టుకోవాలి, లేకపోతే పై చీర ముందుకి పాకి చివర్లో ముడత వస్తుంది. పాలిస్టర్ చీరలు నేను పెట్టను. జారతాయి, చెమట పీల్చవు. జాకెట్ ముక్కలతో అతుకుల బొంత చేస్తే పిల్లలకి భలే ఇష్టం. మా అబ్బాయి ఏ ముక్క ఎవరి జాకెట్‌దో వరసగా చెబుతాడు.

మిషన్ బల్ల మోచేతి ఎత్తులో ఉందో లేదో చూసుకోండి. నా కుర్చీ కింద చెక్క వేసి ఎత్తు పెంచాకే భుజాల నొప్పి తగ్గింది.

రాజోలు పెద్దమ్మ:
కాదనలేదమ్మా. పెద్దవాళ్ల బొంత మిషన్ మీద కుడితే గట్టిగా ఉంటుంది, చాన్నాళ్లు ఉతుకుడుకి ఆగుతుంది. పసిబిడ్డకి మాత్రం చేతికుట్టు మెత్తన. ఎవరి అవసరం వాళ్లది.

ఉపకేంద్రం నర్సు:
బిడ్డ బొంత అన్నారు కాబట్టి ఒకటి రాయాలి. ఏడాది లోపు పిల్లలు నిద్రపోయేటప్పుడు మీద వదులుగా బొంత కప్పొద్దు, ముఖం మీదికి వస్తే ఊపిరాడదు. పక్కన దిండ్లు కూడా పెట్టొద్దు. పక్క మరీ మెత్తగా కాకుండా గట్టిగా, చదునుగా ఉండాలి, బిడ్డని వెల్లకిలా పడుకోబెట్టాలి. అందుకే పల్చటి బొంత కిందకి పరవడానికి, మెలకువగా ఉన్నప్పుడు ఎత్తుకోవడానికి బాగుంటుంది. ఎక్కువ పొరలు పెట్టకండి. పూసలు, గుండీలు, కుచ్చులు వద్దు. జరీ అంచు కత్తిరించేయండి, చర్మానికి గీసుకుంటుంది. రోజూ ఉతికి ఎండలో వేయాల్సినవి కాబట్టి పెద్దది ఒకటి కుట్టే కన్నా చిన్నవి నాలుగు నయం.

షుగర్ ఉన్నవాళ్లు కుట్టేటప్పుడు వేలికి తొడుగు పెట్టుకోండి. వేళ్లు మొద్దుబారినవాళ్లకి సూది గుచ్చుకున్న సంగతే తెలియదు, అది పుండవుతుంది.

పాలకొల్లు వంటిల్లు:
వంట సంగతి నేను చెబుతాను అక్కా! పసుపు చేతులతో తెల్లచీర ముట్టుకుంటే ఏమవుతుందో మనందరికీ తెలుసు. అందుకే కుట్టే రోజు పొద్దున్న నేను పోపు డబ్బా తియ్యను. పులుసు ముందురోజు సాయంత్రమే పెట్టేస్తాను. చేపల పులుసు మర్నాటికే రుచి, ఈ వరదనీళ్ల కాలంలో పులస దొరికి, కొనగలిగితే దాని గురించి చెప్పక్కర్లేదు. శాకాహారం రోజైతే కంద బచ్చలి కూర కానీ, ములక్కాడ పులుసు కానీ. పొద్దున్న అన్నం వారిస్తే సరి.

కుట్టేవాళ్లకి పొద్దున్న టిఫిను తేలిగ్గా ఉండాలి. నూనెలో వేగింది తిని కూర్చుంటే నిద్ర ముంచుకొస్తుంది. మా ఇంట్లో పెసరట్టు, లేకపోతే పనసాకు బుట్టల్లో ఉడికించిన పొట్టిక్కలు, కొబ్బరి పచ్చడి. ఎండాకాలం చోడి (రాగి) అంబలిలో మజ్జిగ కలిపి తాగుతాం. మా మామగారికి రాత్రి అన్నంలో పాలు పోసి తోడుపెట్టి, పొద్దున్న ఉల్లిపాయ నంజుకోవడానికి ఇస్తే ఇంకేమీ అడగరు. షుగర్ ఉన్నవాళ్లు మాత్రం అంబలైనా చద్దన్నమైనా కొలతగా తినాలి, చోళ్లు కదా అని చెంబుడు తాగకూడదు. అన్నం తగ్గించి పప్పు, కూర పెంచుకోవడం మా ఇంట్లో పనిచేసింది.

మన పుట్టింటి వైపు నుంచి ఆత్రేయపురం పూతరేకులు వస్తూనే ఉంటాయి. ఎవరింటికైనా బొంత పంపితే బదులుగా ఒక డబ్బా వస్తుంది. నేను ఒక మడత తిని మిగతావి పిల్లలకి ఇచ్చేస్తాను.

నరసాపురం మాస్టారు:
నేను రిటైరైన టీచర్ని. మా ఆవిడ లేసు అల్లుతుంది, చలికాలంలో బొంతలు కుడుతుంది. 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా వచ్చిన అల్లిక ఇక్కడి ఆడవాళ్ల చేతుల్లో నరసాపురం లేసుగా నిలబడింది. 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది. సంతోషమే. కానీ ఇంట్లో కూర్చుని అల్లే మనిషి చేతికి ఎంత వస్తోందనేది వేరే లెక్క. మధ్యలో చేతులు మారిన కొద్దీ అల్లినవాళ్ల వాటా తగ్గుతుంది. బొంతలకి ఆ గతి పట్టకూడదని నా తపన.

ఎవరైనా బొంత అడిగితే మా ఆవిడ మొదట్లో దారం ఖర్చే చెప్పేది. ఇప్పుడు నేను పక్కన కూర్చుని ఎన్ని గంటలు పట్టిందో నోట్‌బుక్‌లో రాస్తున్నాను. మా ఊళ్లో పనికి వెళ్తే వచ్చే రోజుకూలి ఎంతో దాని ప్రకారం గంటకి కట్టి, దారం, కరెంటు కలిపి చెబుతున్నాం. కొందరు ఎక్కువన్నారు. నోట్‌బుక్ చూపించాక సగంమందికి పైగా ఒప్పుకున్నారు. చీరలు వాళ్లవే తెచ్చుకుంటారు, కాబట్టి మనం తీసుకునేది పనికే.

ఇంకో మాట మగవాళ్లకి. టాకాలు వేయడానికి ఆ చివర మనిషి లేరని భీమవరం కోడలు రాసింది. ఆ చివర మనం కూర్చోవచ్చు. నేను నేర్చుకున్నాను, సూదిలో దారం ఎక్కించడం, బొంత మడతపెట్టడం, ఉతికింది పిండడం నా పనులు. తడిసిన బొంత బరువు ఒక్క మనిషి మొయ్యకూడదు.

లంక పిల్ల:
మాది గోదావరి పాయ గౌతమి పక్కన లంక. 1986 వరదల్లో నానమ్మ వాళ్లు పడవ ఎక్కేటప్పుడు బియ్యం, బొంతలు, బర్రెదూడ, ఇవే తీసుకెళ్లారట. 2022 వరదకి నేనూ చూశాను, పునరావాసంలో నేల మీద పరుచుకోవడానికి బొంతే దిక్కు. పరుపు తడిస్తే పనికిరాదు, బొంత ఎండితే మళ్లీ బొంతే.

మా సమస్య ముసురు. శ్రావణంలో ముక్కవాసన వస్తుంది, తెల్లచీర మీద నల్లచుక్కలు పడతాయి. తడి పూర్తిగా ఆరకుండా మడతపెట్టొద్దు. పెట్టె నేలకి ఆనకుండా ఇటుకల మీద పెట్టి, ఎండిన వేపాకు పాతగుడ్డలో మూటకట్టి మడతల మధ్య ఉంచుతాం. ఎండ కాసిన రోజు తీసి అటూ ఇటూ తిప్పి వేస్తాం. ప్లాస్టిక్ కవర్లో కట్టి పెడితే చెమ్మ లోపలే ఉండిపోతుంది.

నడక గురించి అడిగారు కదా, నేను తెల్లారాకే కాలవగట్టు మీదికి వెళ్తాను. వానాకాలం చీకట్లో గట్టు మీద పాములు తిరుగుతాయి, టార్చి ఉన్నా వద్దు.

కాకినాడ అపార్ట్‌మెంట్:
మాకు గట్టూ లేదు, చావిడీ లేదు. హాల్లో సోఫా జరిపి పరుస్తాను. భోజనం అయ్యాక మా అత్తగారు, నేను కారిడార్‌లో పావుగంట నడుస్తాం. తిన్న వెంటనే కాసేపు నడిస్తే షుగర్ అంతగా పెరగదని ఆవిడ డాక్టర్ చెప్పారు, షుగర్ చూసే మిషన్‌తో చూసుకుంటే మాకూ తేడా తెలిసింది. రోజుకోసారి పొడుగ్గా నడవడానికి టైం దొరకనివాళ్లకి ఇది బాగా కుదురుతుంది. ఆ తర్వాతే సూది పడతాను.

అంబాజీపేట అక్క:
అందరికీ పేరుపేరునా దండాలండి. తిమ్మిరి బొటనవేలు నుంచి మధ్యవేలి దాకానే వస్తోంది, మంగళవారం అమలాపురం వెళ్లి చూపించుకుంటాను. నిన్న మా ఆయన్ని ఆ చివర కూర్చోబెట్టాను మాస్టారూ, టాకాలు వంకరగా వేసినా చివరిదాకా వేశారు. కుర్చీలోకి మారాక నడుం తేలిగ్గా ఉంది. నర్సమ్మగారు చెప్పినట్టు బిడ్డకి పల్చగా మూడు పొరలతో చిన్నవి నాలుగు కత్తిరించాను.

ఒక సందేహం మిగిలింది. అమ్మ చీరల్లో మెరూన్‌ది ఒకటి ఉంది, ఆవిడకి చాలా ఇష్టమైనది. ఎప్పుడు ఉతికినా నీళ్లు ఎర్రగానే వస్తాయి. ఉప్పునీళ్లలో నానబెడితే ఆగుతుందా?

తణుకు టైలరింగ్:
ఉప్పుకి అన్ని రంగులూ ఆగవు అక్కా. ఒక మూల తడిపి తెల్లగుడ్డ మీద పెట్టి, పైన బరువు పెట్టి గంట ఉంచండి. గుడ్డకి అంటితే బిడ్డ బొంతల్లో అసలు వద్దు, చప్పరిస్తారు. మిగతా లేతరంగు చీరలతో కలిపినా అన్నీ పాడవుతాయి.

రాజోలు పెద్దమ్మ:
దాన్ని విడిగా అమ్మాయి బొంతకి రెండువైపులా వెయ్యి. లోపల కూడా ముదురు రంగులే పెట్టు. విడిగా ఉతుక్కోమని చెప్పు. కొంగు మాత్రం మధ్యకి వచ్చేలా చూసుకో, నేతపనంతా దాంట్లోనే ఉంటుంది.