రెండో తరగతి పాపకు డిస్లెక్సియా పరీక్ష ఇప్పుడే చేయించాలా?

కృష్ణాతీరం:
మా పాపకు ఏడేళ్ల మూడు నెలలు. ఇంగ్లీషు మీడియంలో రెండో తరగతి చదువుతోంది. పోయిన వారం బడివారు మమ్మల్ని పిలిచి, పాపకు లెర్నింగ్ డిజెబిలిటీ, అంటే చదవడం రాయడం నేర్చుకోవడంలో ఇబ్బంది, ఉందేమోనని అనుమానంగా ఉందని, తాము చెప్పిన కేంద్రంలో పరీక్ష చేయించి రిపోర్టు తెస్తేనే మూడో తరగతిలోకి తీసుకుంటామని చెప్పారు. పాప పుస్తకం పట్టుకుని పాఠమంతా గడగడా అప్పజెబుతుంది కానీ, వేలు మాత్రం రెండు వరుసలు వెనక ఉంటుంది. మధ్యలో ఒక పదం చూపించి ఇదేమిటని అడిగితే, పాఠం మొదటి నుంచి లోపల చెప్పుకుంటూ వచ్చి ఆ పదం దగ్గర ఆగి పలుకుతుంది. తెలుగులో ‘కొబ్బరి’ని ‘కొబరి’ అని చదువుతుంది. పిల్లకు ముద్ర వేయించవద్దని మా అత్తగారు, బడి మాట వినాలని మావారు అంటున్నారు. నాకు ఏ దారీ తోచడం లేదు.

పాత పలక:
అమ్మా, నేను 33 ఏళ్లు ప్రభుత్వ బడుల్లో తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకున్నాను. ‘కొబ్బరి’ని ‘కొబరి’ అని చదవడం ఏడేళ్ల పిల్లకు జబ్బు కాదు. మన లిపిలో వత్తు అక్షరం కిందో పక్కనో కూర్చుంటుంది, కంటికి కనిపించే వరుస వేరు, నోటితో పలికే వరుస వేరు. గుణింతాలూ వత్తులూ కలిసి వందలాది రూపాలవుతాయి, అవి స్థిరపడటానికి నాలుగో తరగతి దాకా పట్టిన పిల్లలను, ఆ తరువాత చక్కగా చదివినవారిని నేను ఎందరినో చూశాను. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు, రెంటికీ పునాది పడకముందే పరీక్ష. ఆ కేంద్రంవారు ఏ భాషలో పరీక్షిస్తారో ముందు కనుక్కోండి. ఇంగ్లీషులో మాత్రమే పరీక్షిస్తే, పాపకు ఇంగ్లీషు రాదన్న సంగతి తప్ప మరేమీ తేలదు. ముందు ఆరు నెలలు ఓపికగా నేర్పి చూడండి, అప్పటికీ రాకపోతే పరీక్ష సంగతి చూద్దాం.

పసుపుకొమ్ము:
ముందు కళ్లు, చెవులు చూపించండి. మా అక్క కొడుక్కి కళ్లజోడు పెట్టించాక చదువు కుదురుకుంది.

నేర్పరి:
నేను ప్రత్యేక విద్యలో శిక్షణ పొంది పన్నెండేళ్లుగా ఇటువంటి పిల్లలతో పనిచేస్తున్నాను. ఇక్కడ రెండు వేర్వేరు విషయాలు కలిసిపోతున్నాయి. ధ్రువపత్రం వేరు, గుర్తించడం వేరు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం నిర్దిష్ట అభ్యసన వైకల్యాన్ని 21 వైకల్యాలలో ఒకటిగా చేర్చింది. బడివారు లెర్నింగ్ డిజెబిలిటీ అన్నది దీన్నే, డిస్లెక్సియా అందులో చదవడానికి సంబంధించిన రకం. 2018 జనవరిలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు ధ్రువపత్రం ఎనిమిదేళ్లు నిండినవారికే ఇవ్వాలని, 14 ఏళ్లకు, 18 ఏళ్లకు మళ్లీ పరీక్షించాలని చెప్పాయి. ముందుగా పిల్లల డాక్టరు చూపు, వినికిడి, నరాల పరీక్ష చూడాలి, ఆ తరువాత సైకాలజిస్టు ఐక్యూ (తెలివితేటల కొలత) చూసి, అది 85 కంటే ఎక్కువ ఉంటేనే చదవడం, రాయడం, లెక్కల పరీక్షలకు వెళ్లాలని వాటిలో ఉంది. ఆ లెక్కన మీ పాపకు ఇప్పుడు ధ్రువపత్రం రాదు. అంతమాత్రాన ఎనిమిదేళ్లు నిండేదాకా చేతులు కట్టుకుని కూర్చోనవసరం లేదు.

అక్షరాలతో పని లేకుండానే కొన్ని సంగతులు తెలుసుకోవచ్చు. ‘మామిడి’లో ‘మి’ తీసేస్తే ఏం మిగులుతుందని అడగండి. ‘మాడి’ అని చెప్పగలిగితే మాటను ధ్వనులుగా విడదీయడం వచ్చినట్లే. బొమ్మలను వరుసగా చూపిస్తూ పేర్లు చెప్పమనండి, తెలిసిన పేర్లే అయినా తడుముకుంటోందేమో చూడండి. మన లిపి పలికినట్లే రాసే లిపి కనుక, డిస్లెక్సియా ఉన్న పిల్లలు తెలుగులో తప్పుల కంటే వేగంలో ఎక్కువ వెనకబడతారు. వాక్యం సరిగ్గానే చదివిందని మనం సంతోషిస్తాము, ఆ ఒక్క వాక్యానికి ఎంతసేపు పట్టిందో గమనించము.

పాత పలక:
అంతా బాగుంది, కానీ నేను అడిగిన దానికి జవాబు రాలేదు. ఏ భాషలో పరీక్షిస్తారు?

నేర్పరి:
మాస్టారూ, చాలా కేంద్రాలలో బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ వారి పరీక్షలను ఇంగ్లీషులోనే వాడతారు. 2015లో మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం తెచ్చిన డాలీ అనే డిస్లెక్సియా పరీక్షలు కూడా మొదట హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లీషులలోనే వచ్చాయి. తెలుగుకు లోటు ఉన్నమాట నిజమే. ఆ లోటును తెలుగు పాఠ్యపుస్తకంతో, నోటి ప్రశ్నలతో కొంతవరకు పూడ్చుకుంటాము.

పాత పలక:
అంటే కొలబద్ద లేకుండా కొలుస్తున్నారన్నమాట. తెలుగు పిల్ల తెలుగు ఎంత చదవాలో చెప్పే ప్రమాణం చేతిలో లేనప్పుడు ఆ రిపోర్టుకు విలువ ఏమిటి?

ఊరిబడి:
పిల్లల్లో వైకల్యాలను బడిలోనే ముందుగా గుర్తించడానికి 2022లో ఎన్‌సీఈఆర్‌టీ తెచ్చిన ప్రశస్త్ యాప్‌లో మేము వివరాలు నింపాము. అనుమానం ఉన్న పిల్లల పేర్లు పైకి వెళ్లాయి. ఇద్దరు టీచర్లం, అయిదు తరగతులు. పేర్లు పంపిన తరువాత ఏం చేయాలో మాకు ఎవరూ చెప్పలేదు.

వరంగల్ నాన్న:
మాస్టారి మాటలు చదువుతుంటే నా రక్తం మరుగుతోంది. మా అబ్బాయి విషయంలోనూ ‘ఇంకా చిన్నవాడు, వస్తాయిలే’ అన్నారు. రెండో తరగతిలో అన్నారు, నాలుగులో అన్నారు, ఆరులో మాత్రం సోమరి అన్నారు. ఏడో తరగతిలో తెలుగు మాస్టారు వత్తులు వదిలేసినందుకు స్కేలు నిలువుగా పట్టి వేళ్ల మీద కొట్టారు. ఆ రాత్రి వాడు ముద్ద కలుపుకోలేకపోతే వాళ్లమ్మ తినిపించింది. తొమ్మిదో తరగతిలో వేరే ఊళ్లో పరీక్ష చేయించాకగానీ డిస్లెక్సియా అని తేలలేదు. పదో తరగతి పరీక్షల్లో రాసిపెట్టే మనిషి కోసం, గంటకు 20 నిమిషాల అదనపు సమయం కోసం మూడు నెలలు ఒక ఆసుపత్రి చుట్టూ తిరిగాము. వెళ్లిన ప్రతిసారీ సైకాలజిస్టు లేరు, వచ్చే బుధవారం రండి అన్నారు. పరీక్ష ఏ భాషలో ఉంటే ఏమిటి? మీలాంటి మాస్టార్లు ఓపిక పట్టండని చెప్పినన్నాళ్లూ మా వాడు తనను తాను మొద్దు అనుకుంటూనే పెరిగాడు.

పాత పలక:
నేను ఏ పిల్లవాడినీ వేళ్ల మీద కొట్టలేదు. ఎవరో చేసిన పాపాన్ని నా మీద వేయడం న్యాయం కాదు. అయినా మీ అబ్బాయికి జరిగింది చదివి నాకు బాధ కలిగింది, ఆ మాట ముందు చెబుతున్నాను.

నేను పట్టుబడుతున్నది ఎందుకో కూడా చెబుతాను. నా ఉద్యోగం చివరి ఏళ్లలో ఒక ప్రైవేటు బడి నుంచి ముగ్గురు పిల్లలు మా బడికి వచ్చారు. ముగ్గురి చేతుల్లోనూ రిపోర్టులున్నాయి. ఒకరి తండ్రి ఆటో నడిపేవారు, ఆ కాగితం కోసం అప్పు చేశారు. రిపోర్టు అందిన రోజు నుంచి అక్కడి టీచర్లు ఆ పిల్లలను చివరి బెంచీలో కూర్చోబెట్టి రంగులు వేయమన్నారు, ఏడాది చివర ‘మీ పిల్లలకు మా బడి సరిపోదు’ అని పంపేశారు. నేను రోజూ మధ్యాహ్నం అరగంట ఇసుకలో అక్షరాలు దిద్దించాను. ఇద్దరు ఏడాదిలో చదివారు. మూడోవాడు చదవలేదు, వాడికి నిజంగానే ఇబ్బంది ఉంది, దాన్ని నేను కాదనను. కానీ ఆ ముగ్గురికీ కాగితం ఒకటే రాసింది. నా గొడవ భాషతో మొదలైంది కానీ అక్కడితో ఆగేది కాదు. కాగితం వచ్చాక చదువు చెప్పడం ఆగిపోతుందేమోనన్నదే నా భయం.

వరంగల్ నాన్న:
కాగితం లేనప్పుడు మా వాడికి చదువు ఎవరు చెప్పారండీ? చివరి బెంచీ వాడికీ ఉంది. రంగులు కూడా ఇవ్వలేదు. మీలా అరగంట కూర్చోబెట్టే మాస్టారు దొరకని పిల్లలకు ఆ కాగితమే ఆధారం. అది చేతిలో ఉంటే హెడ్మాస్టరు ముందు కూర్చుని అడగగలను. లేకపోతే ‘ఇంట్లో చదివించండి’ అని పంపేస్తారు.

నేర్పరి:
ఇద్దరూ చెప్పింది నేను నా గదిలో రోజూ చూస్తున్నదే. నేను రాసిచ్చిన పన్నెండు పేజీల రిపోర్టు బడి అల్మారాలో కవరు విప్పకుండా ఉండటం కళ్లారా చూశాను. ఇక్కడ చట్టం మాట ఒకటి చెప్పాలి. 2016 చట్టం 16వ సెక్షన్, అభ్యసన వైకల్యాన్ని వీలైనంత త్వరగా గుర్తించి తగిన బోధన పద్ధతులు చేపట్టే బాధ్యతను ప్రభుత్వ గుర్తింపు ఉన్న విద్యాసంస్థల మీదే పెట్టింది, తల్లిదండ్రుల మీద కాదు. విద్యాహక్కు చట్టం ప్రకారం ఎలిమెంటరీ చదువు పూర్తయ్యేదాకా పిల్లను బడి నుంచి తీసేయకూడదు. రిపోర్టు తెస్తేనే మూడో తరగతి అనడం కుదరదు. కృష్ణాతీరం గారూ, ఆ షరతును రాతపూర్వకంగా ఇమ్మని అడగండి. అయితే మాస్టారి మాటకు పూర్తిగా ఒప్పుకోలేను. ముందు నేర్పి, రాకపోతే పరీక్షిద్దామంటే, ఆ నేర్పే చేయి లేని చోట ఏళ్లు గడిచిపోతాయి.

పాత పలక:
ఆరు నెలలు అన్నాను, ఏళ్లు అనలేదు.

వరంగల్ నాన్న:
మాకూ మొదట ఆరు నెలలనే చెప్పారు మాస్టారూ.

కృష్ణాతీరం:
పది రోజుల తరువాత రాస్తున్నాను. కళ్లు, చెవులు చూపించాము, బాగానే ఉన్నాయి. షరతును కాగితం మీద రాసి ఇమ్మని అడిగితే బడివారు దాన్ని వదులుకున్నారు. మూడో తరగతి సంగతి ఇక ఎత్తలేదు. ‘మామిడి’ ఆట ఆడించాను. ‘మి’ తీసేయమంటే ‘మామి’ అంది. ‘కమలం’లో ‘మ’ తీసేయమంటే చాలాసేపు నా పెదవుల వైపు చూసి, ఆ మాటే మళ్లీ మొత్తం చెప్పింది. పక్కింటి రెండో తరగతి బాబు రెండూ వెంటనే చెప్పాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బడివారు చెప్పిన చోట కాకుండా వేరే చోట పరీక్షకు శనివారం సమయం తీసుకున్నాను. అందాకా రోజూ సాయంత్రం అరగంట ఇసుక పళ్లెంలో దిద్దిస్తున్నాను.

పాత పలక:
ఏ భాషలో పరీక్షిస్తారో అడిగారా అమ్మా?

కృష్ణాతీరం:
అడిగాను మాస్టారూ. ఇంగ్లీషులోనేనన్నారు. తెలుగులో కూడా చదివించి, ఎంత సమయం పట్టిందో, ఏ వత్తులు వదిలిందో రిపోర్టులో విడిగా రాయమని కోరాను. తమ దగ్గర తెలుగు పరీక్ష లేదని, వాచకం ఉంటే తెమ్మని చెప్పారు. పక్కింటి బాబు వాచకం అడిగి తీసుకున్నాను, శనివారం పట్టుకెళుతున్నాను.