గ్రంథాలయంలో నాలుగు పాత కంప్యూటర్లు: పిల్లలకు లినక్స్ ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

లంక మాస్టారు (రాజోలు వైపు)

ఉద్యోగ విరమణ తర్వాత మా లంక గ్రామంలో గ్రంథాలయం చూసుకుంటున్నాను. హైదరాబాదులో పనిచేసే మా ఊరి కుర్రాడు వాళ్ల ఆఫీసులో తీసేసిన నాలుగు కంప్యూటర్లు పంపించాడు. అన్నింటిలో 4 జీబీ మెమరీ, పాత హార్డ్ డిస్కు, విండోస్ 10. దానికి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 ఈ యంత్రాలకు ఎక్కదట. విండోస్ బదులు లినక్స్ అనే ఉచిత వ్యవస్థ వేయమని అందరూ అంటున్నారు. నేను దాన్ని వాడి ఎరగను. ఒకాయన వచ్చి నల్లటి తెర తెరిచి ఏవేవో టకటకా కొట్టి చూపించారు. పిల్లలు మెల్లగా లేచి వాలీబాల్‌కు వెళ్లిపోయారు. ఏ లినక్స్ వేయాలి? మా దగ్గర నెట్ అంతంతమాత్రం. మొదటి రోజు ఏం చూపించాలి?

పాలకొల్లు డీటీపీ

మాస్టారూ, ముందు ఆ నల్లతెర సంగతి తేల్చేద్దాం. దాన్ని టెర్మినల్ అంటారు. మంచి పనిముట్టే, నేనూ వాడతాను. కానీ మొదటి రోజే దాన్ని తెరిచేవారికి పిల్లలకు నేర్పాలన్న ఆత్రం కన్నా తమకు వచ్చని చూపించుకోవాలన్న ఆత్రమే ఎక్కువ. మీరు దాని జోలికి వెళ్లకండి.

మీ యంత్రాలకు లినక్స్ మింట్ వేయండి, అందులో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలిక రకం. కనీసం 2 జీబీ మెమరీ ఉండాలని, 4 ఉంటే హాయిగా నడుస్తుందని మింట్ వాళ్లే చెబుతారు. మెనూ కింద ఎడమ మూలనే ఉంటుంది కాబట్టి విండోస్ చూసిన కళ్లు తడుముకోవు. ఉబుంటు కూడా మంచిదే, మింట్‌కు పునాది అదే. కానీ దాని మామూలు రకం 4 జీబీలో ఆయాసపడుతుంది. ఫైర్‌ఫాక్స్‌లో ఇరవై ట్యాబులు తెరిచి కూర్చుంటే మాత్రం ఏ లినక్సూ కాపాడదు. ఊళ్లో ఎవరైనా చందా ఇస్తే హార్డ్ డిస్కు తీయించి ఎస్‌ఎస్‌డీ (వేగంగా పనిచేసే కొత్త రకం డిస్కు) పెట్టించండి, తేడా మీకే తెలుస్తుంది.

దించుకోవాల్సిన ఫైలు దాదాపు 3 జీబీ. అమలాపురంలోనో రాజోలులోనో నెట్ బాగున్నచోట ఒక్కసారి దించుకుంటే నాలుగింటికీ అదే సరిపోతుంది. 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద వెంటాయ్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఎక్కించి, ఆ ఫైలును మామూలుగా అందులోకి కాపీ చేయండి. వెంటాయ్ ఎక్కించేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది, మనవడి ఫోటోలు ఉన్నది వాడకండి. కంప్యూటర్ ఆన్ చేస్తూ ఎఫ్12 (కొన్నింటిలో ఎఫ్9, ఎస్కేప్) నొక్కి పెన్‌డ్రైవ్‌ను ఎంచుకుంటే హార్డ్ డిస్కును ముట్టుకోకుండా మింట్ తెర వచ్చేస్తుంది. కాస్త నెమ్మదిగా నడుస్తుంది. కొన్నాళ్లు అలాగే ఆడుకోనివ్వండి. పిల్లలు ఏ అమరిక మార్చినా ఆపి మళ్లీ ఆన్ చేస్తే మొదటికి వస్తుంది. డెస్క్‌టాప్ మీద కనబడే ‘ఇన్‌స్టాల్’ గుర్తును మాత్రం ఎవరూ నొక్కకుండా చూసుకోండి.

అన్నట్టు, కంప్యూటర్ లేవకుండా బీప్ బీప్ మంటే లినక్స్‌ను తిట్టకండి. మీవైపు సముద్రపు గాలి. లోపలి మెమరీ కార్డు (ర్యామ్) అంచులకు మకిలి పట్టి ఉంటుంది. ప్లగ్గు తీసేసి, కార్డు బయటికి తీసి, ఆ అంచులను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది పెట్టండి.

ఇక మొదటి పాఠం. నా మాట వింటే తెలుగు టైపింగ్. కీబోర్డు అమరికల్లో తెలుగు చేరిస్తే చాలు, దానికి నెట్ అక్కర్లేదు. వచ్చేది ఇన్‌స్క్రిప్ట్ పద్ధతి: అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమచేతికి, హల్లులు ఎక్కువగా కుడిచేతికి. కె, ఈ, కె, ఎఫ్ నొక్కితే ‘కాకి’. అది తెరమీద కనబడగానే పిల్లలు తమ పేర్లు కొట్టడం మొదలుపెడతారు. ఆ తర్వాత, మింట్‌ను హార్డ్ డిస్కులో వేశాక, మీ గ్రంథాలయం పుస్తకాల రిజిస్టరు వాళ్ల చేతికివ్వండి. ఎక్సెల్ లాంటి లిబ్రేఆఫీస్ కాల్క్‌లో బీరువాకు ఒకరు చొప్పున ఎక్కించమనండి. ఫైలు దాచడం, వెతకడం, వరస మార్చడం ఆ పనిలోనే వచ్చేస్తాయి, విడిగా పాఠం చెప్పనక్కర్లేదు. మీకూ పట్టిక మిగులుతుంది.

నా దుకాణంలో శుభలేఖల కోసం ఇప్పటికీ ఒక విండోస్ యంత్రం ఉంచాను. పాత అను ఫాంట్లతో కట్టిన ఫైళ్లు యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనబడే పద్ధతి) కాదు, ఆ ఫాంటు లేనిచోట తెరిస్తే పిచ్చిగీతలే. మీ పిల్లలు మొదటి నుంచీ యూనికోడ్‌లో కొడితే వాళ్లకు ఆ పీడ ఉండదు.

చెరువుల లెక్కలు (భీమవరం)

పై మాటలన్నీ బాగున్నాయండీ, కానీ ఒక్కటి దాచకూడదు. నేను రొయ్యల చెరువుల లెక్కలు రాస్తాను. ట్యాలీ అనే లెక్కల ప్రోగ్రామ్ విండోస్ కోసం చేసినది. విండోస్ ప్రోగ్రాములను నడిపించే వైన్‌తో దాన్ని లినక్స్ మీద నడిపే తంటాలు కొత్తవాళ్లకు చెప్పేవి కావు. ఆధార్ వేలిముద్ర యంత్రాలకూ కంప్యూటర్‌లో సాధారణంగా విండోసే కావాలి. రేపు ఆ పిల్లలు లెక్కల ఉద్యోగానికి వస్తే అడిగేది ఇవే.

పాలకొల్లు డీటీపీ

నిజమే. అందుకే నాలుగింట్లో ఒకదాన్ని విండోస్‌తోనే ఉంచి, నెట్ వైరు పీకేయండి. మద్దతు ముగిసిన దాంట్లో బ్యాంకు పనులు వద్దు. కానీ ఎక్సెల్ భయం అక్కర్లేదు. సమ్, వీలుకప్ లాంటి సూత్రాలు కాల్క్‌లోనూ అవే పేర్లతో ఉంటాయి.

లంక మాస్టారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. పెన్‌డ్రైవ్‌తో మింట్ వచ్చింది, ‘కాకి’ కూడా వచ్చింది! తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె ఆ పెన్‌డ్రైవ్‌ను ఇంటికి తీసుకెళ్లి వాళ్ల నాన్న లాప్‌టాప్‌లో వేసుకోవచ్చా అని అడిగింది. ఇవ్వవచ్చా? చట్టం ఒప్పుకుంటుందా?

పాలకొల్లు డీటీపీ

ఒప్పుకుంటుంది, నిస్సందేహంగా ఇవ్వండి. ఉపన్యాసం ఇవ్వాలని ఉంటే ఇప్పుడే సమయం, అడిగింది కాబట్టి వింటుంది. ఎవరైనా వాడుకోవచ్చు, లోపల ఎలా రాశారో చదవవచ్చు, మార్చుకోవచ్చు, ఇతరులకు పంచవచ్చు అన్న పట్టుదలతో రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు ప్రకటించారు. 1991లో హెల్సింకీలో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నల్ (వ్యవస్థకు గుండెలాంటి భాగం) మొదలుపెట్టి, మరుసటి ఏడాది ఈ హక్కులన్నీ ఇచ్చే గ్నూ జీపీఎల్ లైసెన్సు కిందికి తెచ్చారు. ఆ అమ్మాయి పెన్‌డ్రైవ్ అడగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేకపోవడం ఆ లైసెన్సు పుణ్యమే.

అయితే నాన్న లాప్‌టాప్‌లో ఒక్కతే ఇన్‌స్టాల్ నొక్కవద్దని గట్టిగా చెప్పండి. ఇంట్లో పెన్‌డ్రైవ్ నుంచే నడుపుకోమనండి. లోపల వేయాలంటే నాన్నను లాప్‌టాప్‌తో సహా గ్రంథాలయానికి రమ్మనండి. ముందు ఫైళ్లన్నీ వేరే డిస్కులోకి కాపీ తీయండి. తర్వాత విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ (త్వరగా తెరుచుకోవడం కోసం విండోస్ పూర్తిగా ఆగకుండా ఉండే అమరిక) ఆపండి, లేకపోతే మింట్ నుంచి విండోస్ భాగంలో ఏదీ రాయనివ్వదు. అప్పుడు రెండూ పక్కపక్కనే ఉండేలా వేయవచ్చు. ఎక్కడైనా ఆగితే ఆ తెరను ఫోటో తీసి ఇక్కడ పెట్టండి.