'మార్ఫ్యూ'కు తెలుగులో ఏ మాట సరిపోతుంది?

15వ శతాబ్దపు ఇంగ్లీషు వైద్య గ్రంథం అనువాదంలో చర్మరోగాల పేర్ల దగ్గర సాయం కావాలి. 'మెసెల్' అంటే కుష్ఠురోగి; మీజిల్స్ అనుకుని తట్టు అని రాస్తే అర్థమే తారుమారు. 'టెటర్'కు తామర దాదాపు సరిపోతుంది. చిక్కంతా 'మార్ఫ్యూ'తోనే. కఫం వల్ల తెల్లమచ్చ, నల్లపిత్తం వల్ల నల్లమచ్చ, రెండూ మార్ఫ్యూలే. బొల్లి అంటే నల్లది జారిపోతుంది. సిబ్బెం అంటే రెండూ ఇముడుతాయా? ఆయుర్వేదంలోని 'సిధ్మం' తెస్తే త్రిదోషాలు వెంటొస్తాయి, ఆ కాలపు ఇంగ్లీషు వైద్యుల లెక్కలో ఒంట్లోని ధాతురసాలు నాలుగు (రక్తం, కఫం, పిత్తం, నల్లపిత్తం).

'సాస్‌ఫ్లెమ్' ఇంకా కష్టం. 14వ శతాబ్దపు ఇంగ్లీషు కవి చాసర్ 'కాంటర్‌బరీ కథల్లో' సమ్మనర్ (జనాన్ని చర్చి కోర్టుకు పిలిపించే ఉద్యోగి) ముఖానికి వాడిన మాట ఇది. ఎర్రగా పొక్కిన ముఖమని భావం, లాటిన్ మూలంలో 'ఉప్పు కఫం'. మొటిమలు అంటే ఆ కారణం చెరిగిపోతుంది. మీ ప్రాంతపు వాడుకలో దగ్గరి మాటలుంటే, ఏ మచ్చకు వాడతారో కూడా చెప్పండి.